పళ్ల పట్టాల ఊరికి నాన్నగారితో

1988 వేసవిలో నాన్నగారు తన రైల్వే పాసు మీద మమ్మల్ని ఊటీ తీసుకెళ్లారు. మేట్టుపాళయంలో చిన్న రైలెక్కి కల్లార్ దాటిన దగ్గర నుంచి ఆయన కిటికీ వదలలేదు. రెండు పట్టాల మధ్య రంపపు పళ్లలాంటి ఇనుప పట్టీ ఉంటుందని, ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుందని, దాదాపు పన్నెండడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే దారి అదని నాకూ అన్నయ్యకూ చెబుతూ కూర్చున్నారు. కూనూర్‌లో దిగాక ఇంజను దగ్గరకు నడిపించుకుని వెళ్లి, "దీన్ని స్విట్జర్లాండ్‌లో వింటర్‌తూర్ అనే ఊళ్లో చేశారు. అక్కడ కొండలెక్కే రైళ్లు చాలా ఇలాగే ఉంటాయి" అన్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

2024 జూన్‌లో, అమ్మ పోయిన రెండో ఏడాది, విజయవాడ సత్యనారాయణపురం ఇంట్లో నా ఫోనులో స్విట్జర్లాండ్ మంచులో పైకెక్కుతున్న రైలు వీడియో ఒకటి చూసి ఆయన అడిగిన మొదటి మాట, "ఇది పళ్ల లైనేనా?" అవునన్నాను. మరో రెండుసార్లు చూసి ఫోను తిరిగి ఇచ్చేశారు. ముప్పై ఏడేళ్లు రైల్వేలో పనిచేసి స్టేషన్ మాస్టర్‌గా రిటైరయిన మనిషి. నోరు తెరిచి తనకు ఏదైనా కావాలని అడగడం నేనెన్నడూ వినలేదు. వీడియోను మూడోసారి చూశారంటే అడిగినట్టే.

జనవరిలో నాన్నగారిని అక్కడికి తీసుకెళ్తానంటే అన్నయ్య డాలస్ నుంచి ఫోన్ చేసి గట్టిగానే వద్దన్నాడు. "డెబ్భై ఏడేళ్ల మనిషిని జనవరి మంచులోకి తీసుకెళ్తావా? అంతగా కావాలంటే వేసవిలో తీసుకెళ్లు." వాడి భయంలో తప్పేమీ లేదు. రక్తపోటు, ప్రొస్టేటు, అరిగిన ఎడమ మోకాలు, ఇవన్నీ ఉన్న మనిషి. కానీ నిర్ణయం మా ఇద్దరిది కాదు కదా అని ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాన్నగారినే అడిగాను. "వేసవిలో పచ్చగా ఉండే కొండలు మనకూ ఉన్నాయిరా. ఆ పళ్లలో మంచు కూరుకుపోతే రైలు ఎలా నడుపుతారో చూడాలని ఉంది" అన్నారు. అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, "టికెట్లు నేను తీస్తాను" అన్నాడు.

అక్కడి నుంచి ఏడు నెలల పని. ఇలాంటి ప్రయాణం తలపెట్టిన కొడుకులకు, కూతుళ్లకు పనికొస్తుందని ఆ ఏడు నెలలు ఎలా గడిచాయో రాస్తున్నాను.

చూడాల్సిన చోట్ల జాబితా నేను ముందు రాయలేదు. వారం రోజులు పొద్దున్నే నాన్నగారితో కలిసి ఆంజనేయస్వామి గుడి దాకా నడిచి ఆయన నడకను గమనించాను. చదునైన నేల మీద ఆగకుండా మూడువందల మీటర్లు నడుస్తారు, ఆ తరువాత మోకాలు పట్టేస్తుంది. పట్టుకోవడానికి కడ్డీ ఉంటే ఎనిమిది మెట్లు ఎక్కుతారు, దిగడం మాత్రం ఎక్కడం కన్నా కష్టం. గంటన్నరకోసారి బాత్రూముకు వెళ్లాలి. పొద్దున మాత్రలు వేసుకున్నాక పదకొండు దాకా నీరసంగా ఉంటారు, సాయంత్రం నాలుగు తరువాత అలసిపోతారు. మూడువందల మీటర్లు, ఎనిమిది మెట్లు, గంటన్నర, పదకొండు నుంచి నాలుగు. డైరీ మొదటి పేజీలో ఈ నాలుగే పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. ఆ తరువాత హోటలైనా, రైలైనా, విమానమైనా ఈ నాలుగింటికీ సరిపోతేనే తీసుకున్నాం.

ఊరి ఎంపిక అనుకున్నంత కష్టం కాలేదు. ఒక్క ఊళ్లోనే ఉండాలని ముందే అనుకున్నాం. రోజుకో ఊరు మారుతూ పెట్టెలు సర్దుకోవడం ఆ వయసుకు శిక్ష. చలికాలంలో మంచు ఉండాలి, పళ్ల రైలు ఉండాలి, మరీ ఎత్తు కాకూడదు. జెర్మాట్ అనే ఊరు 1,600 మీటర్ల పైన ఉంది, దూరమూ ఎక్కువే. చివరికి బెర్న్ రాష్ట్రంలోని కొండల్లో వెంగెన్ అనే ఊరు కుదిరింది. 1,274 మీటర్ల ఎత్తున, లౌటర్‌బ్రునెన్ లోయ పైన, కొండ పక్కన అరుగులాంటి చోట ఉంటుంది. ఆ ఊరికి కారు దారి లేదు. కింద లౌటర్‌బ్రునెన్ నుంచి వెంగెర్నాల్ప్ రైలు ఎక్కాల్సిందే. 1893లో మొదలైన లైను, పట్టాల మధ్య దూరం (గేజి) 800 మిల్లీమీటర్లు, అత్యధిక వాలు నాలుగుకు ఒకటి. ఈ చివరి అంకె చెప్పగానే నాన్నగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నీలగిరిది పన్నెండుకు ఒకటే కదమ్మా!" అన్నారు. ఊరి గురించి ఇక చర్చ జరగలేదు.

తేదీల విషయంలో మాత్రం తొందరపడితే దెబ్బతినేవాళ్లం. నవంబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఆ కొండల్లో చాలా హోటళ్లు మూసేస్తారు, తీగమార్గాలను (రోప్‌వేలను) మరమ్మతులకు ఆపేస్తారు. క్రిస్మస్ వారంలో ధరలు అందుకోలేం. జనవరి మధ్యలో వెంగెన్‌లోనే లౌబర్‌హార్న్ స్కీ పందేలు జరుగుతాయి, ఊరంతా జనం. ఫిబ్రవరిలో బడి సెలవులు. పందేలు ముగిసిన తరువాత, సెలవులు మొదలయ్యే ముందు, జనవరి చివరి రోజుల్లో ఒక ఖాళీ ఉంటుంది. 2025 జనవరిలో మేము ఆ ఖాళీలోనే వెళ్లాం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది బస వెతకడానికి. బొమ్మల్లో అన్ని ఇళ్లూ బాగుంటాయి. "స్టేషన్‌కు అయిదు నిమిషాలు" అని అందరూ రాస్తారు. ఆ అయిదు నిమిషాలు ఎవరి కాళ్లతో, ఏ కాలంలో, ఎక్కుడా దిగుడా అన్నది ఎవరూ రాయరు. అందుకని పది చోట్లకు ఒకే ఉత్తరం పంపాను. స్టేషన్ నుంచి గుమ్మం దాకా దారి ఎంత వాలుగా ఉంటుంది? బయట మెట్లు ఎన్ని, జనవరిలో వాటి మీద గడ్డకట్టిన మంచు ఉంటుందా? లిఫ్టు గది ఉన్న అంతస్తులోనే ఆగుతుందా? స్నానాల గదిలో తొట్టి అంచు దాటాలా, నేరుగా నడిచి వెళ్లవచ్చా? మంచం నుంచి బాత్రూముకు ఎన్ని అడుగులు? నలుగురు జవాబే ఇవ్వలేదు. అందమైన కొయ్య ఇల్లు ఒకటి నేను దాదాపు ఖాయం చేసుకున్నాను. దాని యజమానురాలు రాసిన మాటలు ఇంకా దాచుకున్నాను. బయట ఇరవై ఒక్క మెట్లున్నాయి, రోజూ పొద్దున మంచు తీస్తాం గానీ మధ్యాహ్నానికి మళ్లీ గడ్డకడుతుంది, మా ఇల్లు మీ నాన్నగారికి వద్దు అని రాసింది. తన ఆదాయం పోతుందని తెలిసీ నిజం చెప్పిన ఆ మనిషికి మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. చివరికి స్టేషన్‌కు దగ్గరలో, లిఫ్టున్న భవనంలో, చిన్న వంటగది ఉన్న గది దొరికింది. స్టేషన్‌కు విద్యుత్ బండి పంపుతామన్నారు.

వీసా గురించి కొద్దిగానే చెబుతాను. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, ఫీజు 90 యూరోలు. వేలిముద్రలకు వయసు మినహాయింపు పిల్లలకే గానీ వృద్ధులకు లేదు, స్వయంగా వెళ్లాల్సిందే. నాన్నగారి వేలి గీతలు బాగా అరిగిపోయాయి, యంత్రం పదేపదే తిరస్కరించింది. ముందురోజు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసుకుని, పొద్దున గోరువెచ్చని నీళ్లతో కడిగి శుభ్రంగా తుడుచుకుని వెళ్లిన రెండోరోజు తీసుకుంది. పెన్షన్‌దారులకు ఇంకో మాట. నవంబరులో ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం ప్రయాణం హడావిడిలో మరిచిపోవద్దు.

బీమా మాత్రం అక్షరం అక్షరం చదవాలి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఆ కాగితం చౌకగానే దొరుకుతుంది. అయితే ముందునుంచే ఉన్న జబ్బులను చాలా పాలసీలు ప్రాణాపాయం వచ్చినప్పుడే, అదీ ఒక పరిమితి దాకానే చూస్తాయి. రక్తపోటు, ప్రొస్టేటు, మోకాలు, ఏదీ దాచకుండా రాయించాను. ప్రీమియం పెరిగింది, పెరగనిచ్చాను. కొండల్లో అవసరమైతే హెలికాప్టర్‌లో దించాల్సి వస్తుంది కాబట్టి ఆ ఖర్చు కూడా ఉందో లేదో అడిగి రాతలో తీసుకున్నాను. అక్కడ అంబులెన్స్ నంబరు 144, హెలికాప్టర్‌కు 1414. ఈ రెండూ అట్టముక్క మీద రాసి నాన్నగారి కోటు జేబులో పెట్టాను. మందుల పేర్లు కంపెనీ పేరుతో కాక మందు పేరుతోనే డాక్టరుగారి చేత రాయించుకున్నాం. ఆ దేశంలోకి సొంత వాడకానికి నెల రోజులకు సరిపడా మందులు తీసుకెళ్లనిస్తారు.

ఎత్తు గురించి కూడా డాక్టరుగారిని సూటిగా అడిగాను. వెంగెన్‌లో ఉండటానికి భయం లేదన్నారు. రెండు వేల మీటర్ల దగ్గర ఒక గంట ఉండి రావచ్చన్నారు. అందరూ వెళ్లే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలిలో ప్రాణవాయువు మన ఊళ్లో దొరికేదానిలో మూడింట రెండు వంతులే. "అది వద్దు" అన్నారు. ఆ సంగతి నాన్నగారికి ఎలా చెప్పాలా అని నేను మథనపడుతుంటే ఆయనే, "ఆ లైను చాలామటుకు సొరంగంలో పోతుంది తల్లీ, లోపల కూర్చుంటే ఏం కనపడుతుంది" అని తేల్చేశారు.

డిసెంబరులో అరకు వెళ్లడం నేను చేసిన పనుల్లో ఉత్తమమైనది. చలికాలపు అరకు ఆల్ప్స్‌కు సాటి రాదు గానీ, బట్టలు, బూట్లు పరీక్షించుకోవడానికి చాలు. విశాఖ నుంచి కిరండూల్ లైనులో వెళ్లాం. సొరంగాలు లెక్కపెడుతూ ఆయన ఉత్సాహంగా ఉన్నారు. మర్నాడు తెల్లవారుజామున కొత్త బట్టలన్నీ తొడిగి బయటికి తీసుకొచ్చాను. లోపల ఒంటికి అతుక్కునే వెచ్చని జత, దాని మీద ఉన్ని, పైన గాలి దూరని కోటు. పావుగంటకే ఆయన ముఖం మారిపోయింది. బాత్రూముకు వెళ్లాలి. ఆ బిగుతు లోదుస్తు, దానిమీద బొత్తాల ప్యాంటు, చేతికి తొడుగులు. సమయానికి విప్పుకోలేకపోయారు. గది తలుపు అవతల నేను నిలబడి ఉన్నాను, లోపలి నుంచి చాలాసేపు మాట లేదు. తరువాత మెల్లగా, "ఇంటికి పోదాం అమ్మా, ఇదంతా నీకు చాకిరీ" అన్నారు.

ఆ రోజు మేమిద్దరం మొదటిసారి ఆ విషయం గురించి సూటిగా మాట్లాడుకున్నాం. తండ్రికీ కూతురికీ మధ్య నడవని మాటలని ఇద్దరం ఇన్నాళ్లూ తప్పించుకుంటున్నాం. చలిలో ఎవరికైనా మూత్రం ఎక్కువ వస్తుందని, వయసుతో వచ్చే ఇబ్బందికి సిగ్గుపడనక్కర్లేదని, దానికి తగ్గ బట్టలు కొనకపోవడం నా పొరపాటని చెప్పాను. హైదరాబాద్ తిరిగి వచ్చాక బిగుతు జతలు పక్కన పెట్టి, నడుముకు సాగే పట్టీ ఉన్న వదులు ఉన్ని పైజామా, దాని మీద పక్కన జిప్పున్న ప్యాంటు తీసుకున్నాం. పెద్దవాళ్ల కోసం దొరికే పీల్చుకునే లోదుస్తులు ఒక పొట్లం పెట్టెలో పెట్టాను. ఆయన చూశారు, ఏమీ అనలేదు. విమానం ఎక్కే రోజు పొద్దున ఒకటి తీసుకుని వెళ్లారు.

తినడానికి ఏం తీసుకెళ్లాలన్నది ఇంకో అధ్యాయం. పిన్ని నెయ్యి సీసా, పాలకోవా, తడి గుడ్డలో చుట్టిన కరివేపాకు పంపింది. మన దేశం నుంచి పాల పదార్థాలు ఆ సరిహద్దు దాటనివ్వరు, పచ్చి ఆకులూ అంతే. కంది పొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి, ఎండు అప్పడాలు మాత్రమే తీసుకున్నాను. కరెంటు కుక్కరుకు అక్కడి ప్లగ్గు వేరు, వోల్టేజి మనలాంటిదే. మార్చే ముక్క ఒకటి కొంటే చాలు.

ఇన్ని చేసినా అసలు పొరపాటు విమానంలో జరిగింది. వీల్‌చెయిర్ ముందే చెప్పాం. నడవగలరు గానీ మెట్లెక్కలేరు అనే తరగతి ఒకటి ఉంటుంది, అది రాయించాం. అయితే మజిలీ విమానాశ్రయంలో ఆ కుర్చీ నలభై నిమిషాలు రాలేదు. ఆయన అడగరు, లేవరు. అదొక్కటే కాదు, హైదరాబాద్‌లో ఎక్కిన దగ్గర నుంచి ఆయన నీళ్లు తాగడం మానేశారు. నేను నిద్రపోతే లేపాల్సి వస్తుందని, పక్కవాళ్లను లేపి నడవాల్సి వస్తుందని. గ్లాసు ఇచ్చినప్పుడల్లా పెదవులకు తాకించి పెట్టేశారు, నేను గమనించలేదు. జూరిక్‌లో దిగి రెండడుగులు వేయగానే కళ్లు తిరిగి నా భుజం పట్టుకున్నారు. చేతులు చల్లగా ఉన్నాయి, నాలుక పిడచకట్టుకుపోయింది.

అక్కడే కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ కలిపి గుక్కగుక్కగా పట్టించాను. అరగంటకు తేరుకున్నారు. విమానాశ్రయం పక్కనే ఒక రాత్రి బస ముందే ఖాయం చేశాను, మర్నాడు ఖాళీగా ఉంచాను. ఆ ఖాళీ రోజు లేకపోతే ఏం చేసేదాన్నో. ఆ రోజంతా ఆయన నిద్రపోతూ, నీళ్లు తాగుతూ గడిపారు. సాయంత్రం చెప్పాను, "నాన్నా, మీరు నన్ను లేపకపోవడం నాకు సాయం కాదు. గంటన్నరకోసారి నేనే అడుగుతాను, మీరు అవును కాదు అంటే చాలు." తిరుగు ప్రయాణంలో నడవ పక్క సీటు, బాత్రూముకు దగ్గర వరుస అడిగి మరీ తీసుకున్నాం. పెద్దవాళ్లతో వెళ్లేవారు టికెట్ తీసే రోజే ఆ సీటు పట్టుకోండి. వాళ్లు నీళ్లు తాగుతున్నారో లేదో గ్లాసు ఖాళీ అయిందా అని చూడండి, అడిగితే తాగానంటారు.

జూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది. పెద్ద పెట్టెలు రెండూ అక్కడే లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే వెంగెన్ స్టేషన్‌కు చేరుస్తారు. అవి వెంటనే రావు కాబట్టి మందులు, వెచ్చని బట్టలు చేతి సంచిలోనే ఉంచుకున్నాం. బెర్న్‌లో రైలు మారడానికి ఉన్నవి కొద్ది నిమిషాలే. ఆ రైలు పట్టుకోవద్దని ముందే అనుకున్నాం. ఒక రైలు వదిలేసి తరువాతది ఎక్కాలి, ప్రతి మజిలీలో అదే నియమం. నాన్నగారికి మొదట నచ్చలేదు, జీవితమంతా రైళ్లను సరైన సమయానికి పంపిన మనిషి. బెర్న్ ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని వేడి పాలు తాగుతూ వచ్చే పోయే బండ్లు చూశాక, "ఇదీ బాగానే ఉంది" అన్నారు.

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో ఆయనే నన్ను కాపాడారు. అక్కడి నుంచి లౌటర్‌బ్రునెన్‌కు, గ్రిండెల్‌వాల్డ్‌కు ఒకే రైలు బయలుదేరి, దారిలో త్స్వైలుచినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. నేను ఖాళీ ఉన్న పెట్టె చూసి ఎక్కేశాను. ఆయన తలుపు దగ్గరే ఆగి పైన బోర్డు చదివారు. "దిగమ్మా, ఈ పెట్టె మన ఊరు పోదు" అన్నారు. మెల్లగా పక్క పెట్టెల వైపు నడిచాం. రైలు కదిలాక కూడా ఆయన వెన్ను నిటారుగానే ఉంది.

లౌటర్‌బ్రునెన్‌లో పళ్ల రైలు. ఆ లైనులో పాత బండ్లకు మెట్లుంటాయి, కొత్తవాటి నేల తగ్గుగా ఉంటుంది. కాలపట్టికలో వీల్‌చెయిర్ గుర్తు ఉన్న బండి చూసుకుని ఎక్కాం. చక్రం పన్ను పట్టుకున్నప్పుడు కింద నుంచి గరగరమని ఒక అదురు పాదాల్లోకి వచ్చింది. నాన్నగారు చేతికర్రను నేలకు ఆనించి, దాని పిడి మీద రెండు చేతులూ పెట్టి కళ్లు మూసుకున్నారు. నిద్ర వచ్చిందేమో అనుకున్నాను. "కర్రలో తెలుస్తోంది, పట్టి చూడు" అన్నారు. పట్టుకున్నాను. ఒక్కో పన్ను లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా తెలిసింది. పావుగంట లోపే ఆ బండి దాదాపు 480 మీటర్ల ఎత్తు లేచింది. లోయ అవతల కొండ అంచు నుంచి ష్టౌబ్‌బాఖ్ జలపాతం సగం గడ్డకట్టి తెల్లటి తెరలా వేలాడుతోంది. ఆయన దానివైపు ఒక్కసారే చూశారు.

వెంగెన్‌లో మా రోజులు చాలా చిన్నవి. పదకొండింటికి బయటికి, రెండు రెండున్నరకల్లా లోపలికి. ఊళ్లో కార్లు లేవు కాబట్టి వీధి నిశ్శబ్దం. మంచు మీద జారే చెక్కబళ్లపై వెనక నుంచి వచ్చే పిల్లలనూ, చప్పుడు లేని విద్యుత్ బండ్లనూ మాత్రం చూసుకోవాలి. బూట్లకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు లేకుండా ఒక్క అడుగూ వేయనివ్వలేదు. కర్ర చివరన ఉండే రబ్బరు తొడుగు మంచు మీద జారుతుందని మొదటి రోజే తెలిసింది. ఇనుప మొన ఉన్న చివర కొని బిగించాం. దుకాణం గుమ్మంలో మాత్రం ముళ్లు విప్పాలి, నున్నటి రాతి గచ్చు మీద అవి మంచుకన్నా ప్రమాదం. చలికాలపు నడక దారులకు గులాబీ రంగు బోర్డులుంటాయి. వాటిలో చదునైనది ఒకటి ఎంచుకుని రోజూ కొంచెం నడిచి, ఎండ తగిలే బెంచీ దగ్గర ఆగేవాళ్లం.

గదిలో రాత్రి కొబ్బరినూనె సీసా రాయిలా గట్టిపడింది. వేడి చేసే యంత్రం వల్ల గాలి పొడిబారి పెదవులు పగిలాయి. ఆ ఎత్తులో నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతకీ ఉడకలేదు, పెసరపప్పుకు మారాను. స్టేషన్ ఎదుటి కోప్ దుకాణంలో వెన్న కొని కాచాను. కరిగి, నురగ తగ్గి, అడుగున గోధుమరంగు మడ్డి దిగగానే గదంతా నేతి వాసన. నాన్నగారు మంచం మీద నుంచి లేచి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డారు. ఆ పూట వేడి అన్నంలో కంది పొడి, ఆ నెయ్యి వేసుకుని రెండోసారి పెట్టించుకున్నారు. అమ్మ పోయాక ఆయన అన్నం మళ్లీ అడగడం అదే మొదటిసారి. బయట తినేటప్పుడు ఫాండ్యూ జోలికి పోలేదు, కరిగించిన ఆ జున్నులో తెల్ల వైను పోస్తారు. బంగాళాదుంప తురుముతో చేసే రోష్టి మాంసం ముక్కలు లేకుండా అడిగితే చేసి ఇస్తారు, అది ఆయనకు నచ్చింది.

నాలుగో రోజు పైకి వెళ్లాలనుకున్నాం. దక్షిణం నుంచి ఫ్యోన్ అనే వెచ్చని గాలి విసిరి తీగమార్గం ఆపేశారు. ఆ రోజు పడుకున్నాం. మర్నాడు పళ్ల రైల్లోనే 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైనె షైడెగ్ వెళ్లాం. ఎదురుగా ఐగర్ పర్వతం గోడలా నిలువునా. నాన్నగారు దాన్ని చూసి చేతులు జోడించారు. సరిగ్గా గంట తరువాత, ఆయనకు ఇంకా ఉండాలనే ఉన్నా, దిగిపోయాం.

మంచు ప్రశ్నకు జవాబు వెంగెన్ స్టేషన్‌లోనే దొరికింది. ఆయన తన పాత రైల్వే గుర్తింపు కార్డు ఎప్పుడూ చొక్కా జేబులో ఉంచుకుంటారు. ప్లాట్‌ఫారం మీద పనిచేస్తున్న ఉద్యోగికి అది చూపించారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, నేను మధ్యలో ఇంగ్లీషులో చెబుతున్నాను. ఆ మనిషి కార్డును రెండు చేతులతో అందుకుని చదివి, నాన్నగారి మోచేయి పట్టుకుని ప్లాట్‌ఫారం చివరికి నడిపించి, పట్టాల మధ్య నిచ్చెనలాంటి పళ్ల పట్టీని పారతో చూపించాడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ. గ్రీజు మీద మంచు పలచగా పేరుకుని ఉంది. "నీలగిరిది రంపం, ఇది నిచ్చెన. పన్ను దిగినప్పుడు మంచు సందులోంచి కిందికి పోతుంది" అని నాన్నగారు చేతులతో అభినయించారు. అతను నవ్వి తల ఊపాడు, ఆపైన రైలు ముందు బిగించే మంచు నాగలిని కూడా చూపించాడు. నాన్నగారు జేబు డైరీ తీసి నిలబడే బొమ్మ గీసుకున్నారు.

చివరి రోజు పొద్దున పెట్టెలు ముందే పంపేసి స్టేషన్‌కు వచ్చాం. మాకు సరిపడా సమయం ఉంది. నేల తగ్గుగా ఉన్న కొత్త బండి వచ్చి తలుపులు తెరుచుకుంది. నేను సంచి ఎత్తుకున్నాను. నాన్నగారు కదలలేదు.

"ఇది వదిలేద్దామా?" అన్నారు.

తలుపులు మూసుకున్నాయి. బండి లోయ వైపు దిగిపోతుంటే ఆయన గడియారం చూసుకుని డైరీలో సమయం రాసుకున్నారు. తరువాతది అరగంటకు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.